తక్కువ పడే రకం

బస్సు ఆగి ఇరవై నిమిషాలయింది. ముందెక్కడో లారీ అడ్డం తిరిగిందంటున్నారు, ఈ కొండదారిలో రోజుకొకడు అడ్డం తిరక్కపోతే లోకం నడవదు కాబోలు. నొయెమీ ఒళ్ళో అట్టపెట్టె, పెట్టెలో అరచెయ్యంత బోర్డు, బోర్డు మీద మూడుకాళ్ళ ముక్క ఒకటి ఉండాల్సిన చోట ఊడిన పంటి చిగురులా ఖాళీ. ఆ ఖాళీలో పెట్టడానికి మాత్రల డబ్బాలో రెండు ముక్కలున్నాయి, ఒక్కొక్కటీ కందిగింజలో సగం లేదు. ఎడమ అరలో ఒకటి, కుడి అరలో ఒకటి, రెండూ నల్లవే, రెండింటికీ మూడేసి కాళ్ళే, ఏది పెట్టాలో ఎనిమిది రోజులుగా తేలలేదు. యానపుక్రు చేరేసరికి తేలాలి. చేరగానే హెర్మెలిందా కొట్లో బల్లమీద టంకం వేసి, వాగు ఒడ్డున రాతిలో పాతిన ఇనప గొట్టంలో బోర్డుని దింపి, మూత బిగించాలి, అదీ వానకి ముందే. కిటికీలోంచి చూస్తే కొండల మీద మబ్బు పొయ్యిమీద మరిచిపోయిన పాలలా ఉబ్బుతోంది. ఈ బోర్డు తన ఒళ్ళో ఉన్నంతసేపూ ఆ వాగుకి చెవి లేదు. ఒడ్డున నలభై మూడు ఇళ్ళు. పైన ఎక్కడో వాన కొట్టి, బురదా బండలూ చెట్లూ కలిసి హువాయ్కో అయి దూకితే, పావుగంట ముందు చెప్పాల్సిన చెవి ఇక్కడ బస్సులో, నాగజెముడు పళ్ళ బకెట్టు పక్కన కూర్చునుంది.

“ఏంటి తల్లీ, మందులా?” బకెట్టావిడ డబ్బాలోకి తొంగిచూసింది.

“కాదమ్మా.”

“మరి మొగుడికి ఏ మాత్ర వెయ్యాలా అన్నట్టు చూస్తున్నావు, గంట నించీ.”

“ఒకటి తిండిపోతు, ఇంకోటి మొద్దు. ఏదో ఒకదాన్ని పనిలో పెట్టుకోవాలి.”

“మా ఇంట్లో రెండూ ఒకడే,” అందావిడ, ముళ్ళు తీసిన పండొకటి చేతిలో పెట్టి. “తిను. తింటే తెలుస్తుంది.”

తిన్నా తెలియలేదు. తిండిపోతు, మొద్దు, పేర్లు మాత్రం బాగా కుదిరాయి. పని ఇద్దరిదీ ఒకటే. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు నాలుగు వోల్టుల పైమాటే, ఖర్చయ్యేకొద్దీ మూడున్నరకి దిగుతుంది, కానీ ఆ గొట్టంలో కూర్చుని భూమి అదురు వినే సెన్సర్ మహారాణికి ఎప్పుడూ మూడు పాయింట్ మూడే కావాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా అలుగుతుంది. మధ్యలో నిలబడి ఇటు హెచ్చుతగ్గులు తాను మింగి అటు ఒకే తీరుగా వడ్డించేవాడు రెగ్యులేటర్. మధ్యవాడన్నాక తన పిడికెడు తీసుకోకుండా ఉంటాడా. చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్ళో నీటి మర ఉండేది, మొక్కజొన్నలు పోస్తే మరవాడు తన వాటా పిడికెడు తీసేవాడు, బస్తా నిండుగా ఉంటే ఆ పిడికెడు ఎవరికీ పట్టేది కాదు. గింజ పండని ఏడు అమ్మమ్మ శాలువ కొంగున కట్టుకెళ్ళింది మూడు పిడికిళ్ళు, వాడు అందులోనూ పిడికెడే తీశాడు. ఇదేం న్యాయమయ్యా అంటే పిడికెడంటే పిడికెడే, మరకి నీ కరువు తెలుస్తుందా అన్నాడు. రెగ్యులేటర్లూ అంతే. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు అందరూ ధర్మాత్ములే, అది అడుగంటినప్పుడే ఎవడి పిడికిలి ఎంతో బయటపడుతుంది. అందుకే పిడికిలి చిన్నది కావాలి, తక్కువ పడే రకం అంటారు దాన్ని ఈ పనిలో ఉన్నవాళ్ళు, అంటే తన దగ్గరికి వచ్చిన వోల్టేజ్‌ని ఎంత తక్కువ పడేసి అవతలికి అందిస్తే అంత మంచిది. తక్కువ పడే రకం కానిదెవరిది? డేటాషీట్ మొదటి పేజీలో ప్రతివాడూ అదే రాస్తాడు, లావు అక్షరాలతో, సంబంధం కుదిర్చేవాడు పిల్లవాడి గుణగణాలు చెప్పినట్టు. తిప్పుకుంటూ పోతే పదకొండో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, ఒక్క మిల్లీ ఆంపియర్ దగ్గర అని ఉంటుంది. ఒక్క మిల్లీ! రేడియో నోరు తెరిస్తే నూటఇరవై తాగుతుంది. ఉత్త చేతుల్తో నడిచేవాణ్ణి చూసి వీడు నాలుగు మూటలు మోస్తాడని కాగితం రాసిచ్చినట్టు.

జనవరిలో మునిగింది ఆ చీమ అక్షరాల్లోనే. అప్పుడు పెట్టింది ఇదిగో ఈ కుడి అరలోని మొద్దుకి అన్నగారిని. తన తిండి ఏమీ లేదు, గాలి తిని బతుకుతుంది, ఎండ లేకపోయినా బ్యాటరీ ఇరవై మూడు రోజులు వస్తుంది, ఇంకేం కావాలి అనుకుంది. మూడు రోజులు ముసురు పట్టింది, బ్యాటరీ కాస్త దిగింది, గంటకోసారి ‘బాగున్నాను’ అని చెప్పుకోవడానికి రేడియో నోరు తెరిచింది, ఆ గుక్కకి మొద్దు నిద్రలేచి సర్దుకునేలోపు వోల్టేజ్ పడింది, ఆ కుదుపుకి సెన్సర్ ఉలిక్కిపడింది, ఆ ఉలికిపాటుని బోర్డు భూమి అదురనుకుంది, హెచ్చరిక పంపమంది, పంపడానికి రేడియో మళ్ళీ నోరు తెరిచింది, మళ్ళీ పడింది, మళ్ళీ ఉలికిపాటు, తన కేకకి తానే జడుసుకుని మళ్ళీ కేక. హెర్మెలిందా కొట్టు మీద బూర మోగింది. ఊరంతా ఉడుకు సూపు గిన్నెలు వదిలేసి బడి ఉన్న మిట్టమీదికి పరిగెత్తింది, వానలో గంటన్నర నిలబడింది, ఏమీ రాలేదు. మర్నాడు తను వెళ్తే డోన్ సెఫెరీనో, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, కోకా ఆకులు బుగ్గన పెట్టుకుని, “మీ పెట్టె మా కుక్కలాంటిది ఇంజనీరమ్మా, దాని తోక చూసుకుని అదే మొరుగుతుంది” అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఒక తప్పుని జనం నవ్వుతో దాటించేస్తారు, అది వాళ్ళ పెద్దమనసు, ఆ పెద్దమనసుకి కూడా ఎక్కడో పదకొండో పేజీ ఉంటుందని అప్పుడు తట్టలేదు.

ఎడమ అరలోని తిండిపోతు దగ్గర ఆ గోల లేదు. నూటఇరవై గుక్కెత్తినా చెక్కుచెదరదు, పిడికిలి చిన్నది, గట్టి మనిషి. కానీ వాడి సొంత తిండి సెన్సర్ తిండి కంటే ఎక్కువ, పని ఉన్నా లేకపోయినా కూర్చుని తింటూనే ఉంటాడు, ఎండ లేకపోతే తొమ్మిదో రోజుకి బ్యాటరీ సున్నా. మార్చి నెలలో ఆ లోయలో తొమ్మిది రోజులు సూర్యుడు కనపడకపోవడం ఒక వింతా? పైగా వాడికి తోడుగా పెట్టే కెపాసిటర్ విషయంలో పట్టింపులున్నాయి. లీమాలో పరూరో వీధిలో డోన్ లిసార్దో బడ్డీలో కొంటున్నప్పుడే ఆ ముసలాయన కళ్ళజోడు మీంచి చూసి, “దీనికి మరీ మేలైన కెపాసిటర్ పెట్టకు పిల్లా, పాడుతుంది” అన్నాడు. వినలేదు. మేలైనది పెడితే చెడెలా అవుతుంది అనుకుంది, చదువుకున్నది కదా. పెట్టింది. ముక్క సన్నగా పాట ఎత్తుకుంది, చెవికి వినపడదు కానీ తెర మీద గీత మొత్తం జ్వరం పట్టినట్టు వణికింది. కాస్త నాసిరకం, ఒంట్లో కొంచెం అడ్డు ఉన్న కెపాసిటర్ పెడితే నోరుమూసుకుంది. ఈ ముక్కల లోకంలో మంచిదానికి మంచిది కలిపితే మంచి అవుతుందని ఎవరూ రాసివ్వలేదు. రెండు ముక్కలూ పెట్టి, ఒకటి రేడియోకి, ఒకటి సెన్సర్‌కి ఇస్తే తీరిపోను, బోర్డు మీద చోటు ఒక్కటే. పెద్ద బ్యాటరీ పెడితే తీరిపోను, గొట్టంలో పట్టదు. కొత్త బోర్డు, కొత్త గొట్టం అంటే మే నెల, మే నెలకి వానలే ఉండవు. “ఏదో ఒకటి అంటించి రా నొయెమీ, నువ్వేం చంద్రుడి మీదకి పంపుతున్నావా” అంటాడు తెయోఫిలో, పై ఇంజనీరు. అతనికేం, అతను లీమాలో కూర్చుని నివేదిక రాస్తాడు.

ముందు లారీవాళ్ళు దిగి రోడ్డు పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్నారు, ఎవరో ఉడకబెట్టిన మొక్కజొన్న కంకులూ జున్నూ అమ్ముకొస్తున్నారు, అమ్మేవాళ్ళు వచ్చారంటే ఇంకో గంట కదలదని లెక్క. నొయెమీ డబ్బా మూసింది, తెరిచింది. ఎనిమిది రోజులుగా లెక్కలు వేసిన కాగితాలు సంచిలో కిలో బరువున్నాయి, ఇంత లెక్క వేసినా ఎక్కడో ముల్లు తగులుతూనే ఉంది, అది లెక్కది కాదు, ఆ సంగతి తనకి తెలుసు, తెలిసే లెక్కల వెనక నక్కింది. అది బూర రెండోసారి మోగిన సంగతి. ఫిబ్రవరిలో, మధ్యాహ్నం మూడింటికి, లీమాలో తన గదిలో, బల్లమీద ఆ బోర్డుకి కవలపిల్లలాంటి ఇంకో బోర్డు పెట్టుకుని, ఇదే తిండిపోతుకి బ్యాటరీ కొంచెం కొంచెం తగ్గిస్తూ చూస్తోంది, ఎక్కడిదాకా తట్టుకుంటాడో అని. వాగు దగ్గర అసలు పెట్టె తన మానాన తను నోరుమూసుకుని కూర్చునుంది. ఇక్కడ తెర మీద గీత ఒక్కసారిగా జారింది. ఫోన్ తీసి తెయోఫిలోకి ఒక్క ముక్క కొట్టింది: పడింది. వోల్టేజ్ పడింది అని. పనివాళ్ళ భాష, పూర్తిగా రాసే ఓపిక ఎవరికుంది. కానీ ఫోన్ తెర మీద తెయోఫిలో పేరూ యానపుక్రు రక్షణ సంఘం పేరూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, బొటనవేలు కిందికి జారింది. ఆ లోయలో హువాయ్కో రాదు, పారదు, పొంగదు. పడుతుంది. తాతల కాలం నించీ ఆ ఒక్క మాటే. మొన్నటేడు పడింది, మా నాన్న చిన్నప్పుడు పడింది, పడితే ఏమీ మిగల్లేదు. ఇంజనీరమ్మ దగ్గర్నించి ‘పడింది’ అని వస్తే సంఘం ఫోన్ చేతిలో ఉన్న హెర్మెలిందా ఏం చేస్తుంది? కళ్ళజోడు కూడా సర్దుకోకుండా బూర మీట లాగింది.

ఇరవై నిమిషాలు తను ఫోన్ వంక చూడలేదు, పడిన వోల్టేజ్‌ని లేపే గొడవలో ఉంది. ఫోన్ మోగితే ఎత్తింది. “అందరం మిట్టమీదున్నాం ఇంజనీరమ్మా, ఇంకా పడలేదే?” అంది హెర్మెలిందా రొప్పుతూ. అప్పుడు చూసుకుంది. అప్పుడే, ఆ క్షణమే, అయ్యో డోన్యా నా వేలు జారింది అని ఉంటే. నాలుక మీదికి వచ్చింది కూడా. ఈలోగా ఆవిడ వెనకనించి ఎవరో అరిచారు, డోన్ సెఫెరీనో మెట్లమీద పడిపోయాడు, తుంటి, తుంటి అని. అంతే, ఆ మాట మింగేసింది. “విద్యుత్ సరఫరాలో తేడా వచ్చిందండీ” అంది. అబద్ధం కాదు. బల్లమీద బోర్డు సరఫరాలో నిజంగానే తేడా వచ్చింది. అబద్ధం కాని ఆ మాట నమ్మి ఊరు ఊరంతా పెట్టెని తిట్టుకుంది, ఇది తీసుకుపోయి సరైనది పట్టుకురండి అంది, తను తలవంచుకుని వెళ్ళి మరలు విప్పి బోర్డు తెచ్చేసింది, విప్పుతున్నంతసేపూ దాని వంక చూడలేదు, చెయ్యని దొంగతనానికి తన్నులు తిన్న పనిమనిషిని ఇంటినించి పంపించేస్తున్నట్టు. తెయోఫిలోకి చెబితే కాసేపు నవ్వి, “చెప్పావంటే ప్రాజెక్టు ఉండదు, నువ్వుండవు, ముక్క మార్చు, మరిచిపోతారు” అన్నాడు. మార్చడానికే ఈ ఎనిమిది రోజులు. ఎంత మంచి ముక్క దొరికితే అంత త్వరగా మరిచిపోతారన్నట్టు. అందుకే కదా దొరకడం లేదు. ముక్క వంక చూసినప్పుడల్లా ఆ ముసలాయన తుంటి కనపడుతుంటే ఏ డేటాషీట్ చదివి ఏం లాభం.

ఫోన్ మోగింది. హెర్మెలిందా.

“ఎక్కడున్నారు ఇంజనీరమ్మా?”

“కొర్కోనా దాటి ఆగిపోయామండీ. లారీ అడ్డం పడింది.”

“ఇక్కడ పైన నల్లగా కమ్మింది. మా కోళ్ళు పట్టపగలే గూట్లో దూరాయి.”

“వచ్చేస్తాను. చీకటిపడేలోపు బిగించేస్తాను.”

“బిగించండి, ఎవరు వద్దన్నారు. బూరకి మాత్రం తీగ కలపొద్దన్నారు.”

“అదేంటి?”

“మొన్న సభలో చేతులెత్తారు. నేనెత్తలేదు, నేనొక్కదాన్ని ఎత్తకపోతే ఆగుతుందా? రెండుసార్లు అబద్ధమాడిన పెట్టె, మూడోసారి దాన్ని నమ్మి కాళ్ళు విరగ్గొట్టుకోమన్నారు. డోన్ సెఫెరీనో మంచంలోంచే కబురంపాడు, ఇంక మోగినా నన్ను లేపొద్దని.”

డోన్ సెఫెరీనోది వాగు ఒడ్డున మొట్టమొదటి ఇల్లు. నొయెమీ డబ్బా వంక చూసింది. ఎడమ, కుడి. తిండిపోతుని పెట్టినా, మొద్దుని పెట్టినా, లోకంలో ఉన్న ముక్కలన్నీ ఏరి అందులో మేలైనది పెట్టినా, గొట్టంలో సెన్సర్ నిజంగా భూమి అదురు విని గొంతు చించుకున్నా, ఆ కేక హెర్మెలిందా కొట్టుదాకా వచ్చి కలపని తీగ దగ్గర ఆగిపోతుంది. తీగ కలిపినా మనుషుల దగ్గర ఆగిపోతుంది. ఎనిమిది రోజులుగా ఎంత పడుతుంది, ఎంత పడుతుంది అని వెంట్రుకవాసి వోల్టుల్ని కొలుస్తూ కూర్చుంది, అక్కడ నలభై మూడు ఇళ్ళలో నమ్మకం అడుగంటిపోయింది, దాన్ని కొలిచే మీటరు తన సంచిలో లేదు. పోనీ తెయోఫిలో చెప్పినట్టు మరిచిపోతారేమో, ఎప్పటికి, మే నెలకా? పండు తిన్న తీపి ఇంకా పళ్ళ సందున ఉంది. పక్కన బకెట్టావిడ వినకుండా ఉన్నట్టు వింటోంది.

“డోన్యా హెర్మెలిందా, రెండోసారి పెట్టె కాదండీ.”

“ఏంటీ? సరిగా వినపడలేదు.”

“పెట్టె ఏమీ అనలేదు. ఆ రోజు నా గదిలో ఇంకో బోర్డు చూస్తున్నాను. దాని వోల్టేజ్ పడింది. అది మా పై ఇంజనీరుకి పంపబోయి మీకు పంపాను. పడింది అన్నది పెట్టె కాదు, నేను.”

ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుంది. తెగిపోయిందేమో అనుకుంది, తెగిపోతే బాగుండును అని కూడా అనుకుంది, సిగ్గులేకుండా.

“ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నారు?” అంది హెర్మెలిందా చివరికి, మెల్లగా. “నేను రోజూ ఆయనకి సూపు మోసుకెళ్తూ దారంతా ఆ పెట్టెని బండబూతులు తిడుతున్నాను. ప్రాణం లేనిదాన్ని! ముందే చెప్పుంటే మిమ్మల్ని తిట్టేదాన్ని, దాన్ని నమ్మేదాన్ని. ఈపాటికి తిట్టడం కూడా అయిపోయుండేది.”

“తప్పే.”

“తప్పు కాకపోతే ఒప్పంటామా? ఉండండి, పెట్టెయ్యకండి.”

చెప్పుల చప్పుడు, బల్ల జరిపిన చప్పుడు, టక్కుమని ఏదో నొక్కిన చప్పుడు, తర్వాత బరబరమని పెద్ద రొద. ఆ రొద నొయెమీకి తెలుసు, కొట్టు మీద మైకు. పోయిన మేకల గురించీ, వచ్చిన గ్యాసుబండి గురించీ ఊరికంతటికీ చెప్పే మైకు.

“ఫోన్ మైకు దగ్గర పెట్టాను,” దూరంనించి హెర్మెలిందా గొంతు. “నేను చెప్తే నా మీద పడతారు. మీ గొంతుతో మీరు చెప్పండి.”

తన ఊపిరి తనకే వినపడింది, ఫోన్లోంచి, ఆ ఊళ్ళో కొండకి తగిలి ఆలస్యంగా తిరిగొస్తూ. బస్సులో మాటలు ఆగిపోయాయి, డ్రైవరు కూడా వెనక్కి తిరిగాడు. ఎలా మొదలుపెట్టాలి, గౌరవనీయులైన అనా, క్షమించండి అనా, సాంకేతిక కారణాల వల్ల అనా, ఆ మాట వస్తే మాత్రం నాలుక కోసుకోవాలి. “నేను నొయెమీ యౌరిని, పెట్టె తెచ్చిన మనిషిని” అంది. నేను, నేను, అని కొండ అంది. “ఫిబ్రవరిలో పెట్టె అబద్ధమాడలేదు. నేను పొరపాటున పంపిన మాట చూసి బూర మోగించారు. తర్వాత తెలిసి కూడా చెప్పలేదు. డోన్ సెఫెరీనో నా మాటవల్ల పడ్డాడు. పెట్టె తప్పు చేసింది జనవరిలో, ఒక్కసారే, అదీ నేను పెట్టిన ముక్క చాలక.” ఇంకేం ఉంది చెప్పడానికి. ఏమీ లేదు. ఇంత చిన్నదా ఇది, ఇన్నాళ్ళు మోసింది ఇంతేనా.

అవతల కుక్కలు మొరిగాయి. ఎవడో మగమనిషి మైకు దగ్గరికొచ్చి తిట్టిన తిట్టు మొత్తం లోయకీ, సగం బస్సుకీ వినపడింది. బకెట్టావిడ శిలువ గీసుకుంది. ఆ మనిషే, తిట్టడం అయ్యాక, “మరి ఇప్పుడు తెచ్చే ముక్క గట్టిదేనా?” అన్నాడు.

“రెండున్నాయి,” అంది నొయెమీ. “ఒకటి చాలా గట్టిది, కానీ తిండిపోతు, ఎండ లేకపోతే తొమ్మిది రోజులకి బ్యాటరీ తాగేసి చచ్చిపోతుంది. ఇంకోటి ఇరవై మూడు రోజులు ఉంటుంది, కానీ జనవరిలోలా మళ్ళీ జడుసుకోవచ్చు.”

“జడుసుకునేది మాకొద్దు,” హెర్మెలిందా అందుకుంది.

“ఆ తిండిపోతు చచ్చిపోతే మీకు తెలియను కూడా తెలియదు డోన్యా, ఊరికే మూగగా…”

“బ్యాటరీ మార్చితే చావదుగా? ఎన్ని మరలు?”

“నాలుగు.”

“నాలుగు మరలు! ఏటా కాలవలో నడుంలోతు దిగి మట్టి ఎత్తడానికి ఇంటికొక వంతు వేసుకుంటాం. నాలుగు మరలు తిప్పడానికి వంతు వేసుకోలేమా? వారానికో ఇల్లు. మీరు ఎప్పుడన్నా అడిగారా?”

అడగలేదు. మనిషి చెయ్యి తగలకుండా నడవాలి అన్నది కాగితం మీద మొదటి షరతు, ఎవరు రాశారో తెలియదు, తెయోఫిలోనో, అంతకు పైవాడో, తను దాన్ని దైవవాక్యంలా పట్టుకుని దాని చుట్టూ కిలో కాగితాలు లెక్కలు వేసింది. నలభై మూడు ఇళ్ళు, ఎనభై ఆరు చేతులు, ఏ గడిలోనూ వెయ్యలేదు. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు, తన చదువు మీద తనకే ఒళ్ళు మండింది.

“తీగ సంగతి ఇప్పుడే చెప్పలేను,” హెర్మెలిందా మైకు ఆపేసి మామూలు గొంతుతో అంది. “మళ్ళీ సభ పెట్టాలి, మళ్ళీ అరుస్తారు. ఈలోగా మా అల్లుణ్ణి ఈలతో పై బండమీద కూర్చోబెడతాను, వర్షం వచ్చినా అక్కడే ఉంటాడు. మీరు బస్సుని నమ్ముకోకుండా దిగి నడవండి. రాగానే నా కొట్టుకి కాదు, తిన్నగా సెఫెరీనో ఇంటికి. ఆయన చెవి సరిగా వినపడదు, మైకులో చెప్పింది విని ఉండడు. మంచం పక్కన కూర్చుని చెప్పండి.”

నొయెమీ కుడి అరలోని మొద్దు ముక్కని తీసి చొక్కా జేబులో వేసుకుంది, డబ్బాలో తిండిపోతు ఒక్కడే మిగిలాడు. బకెట్టావిడ కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది. మలుపుదాకా మూడు కిలోమీటర్లు, అక్కణ్ణించి పైకి నాలుగు. ఆగిన లారీల వరస పక్కన, వేడి టైర్ల వాసనలో, ఆమె నడుస్తూ మొదటి మాట వెతుక్కుంది. డోన్ సెఫెరీనో, నేను. డోన్ సెఫెరీనో, మీ తుంటి. చెవి వినపడని మనిషికి గట్టిగా చెప్పాలి, ఇలాంటి మాటని గట్టిగా ఎలా చెబుతారు. ఏదీ కుదరకముందే మోచేతి మీద చినుకు పడింది. అట్టపెట్టెని చొక్కా లోపలికి దోపుకుని, రెండు చేతులతో పొదివిపట్టుకుని, పరుగులాంటి నడక అందుకుంది.